అమ్మ మింగని మూడు మాత్రలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందు చెప్పుకొని ఆ తరువాత నా సాక్ష్యంలోకి వస్తాను. అయిదేండ్ల కిందట ఒక ఆసుపత్రి వరండాలో, నా డైరీలో రాసుకున్న మూడు దినాల రాతను డాక్టరమ్మగారి ఎదుట బిగ్గరగా చదివినాను. చదివినాను గాని, మొదటి దినం రాతలో ఒక వరుసను మాత్రం దాటేసినాను. ఆ వరుస ఇది: "మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందా అని అమ్మ అడిగింది, చెడుతుందని చెప్పినాను." ఆ ఒక్క వరుసను గుండెలో దాచిపెట్టుకొని ఇన్ని ఆదివారాలు మీ నడుమ చాప మీద కూర్చొని పాటలు పాడుతూ వచ్చినాను సహోదరులారా, సహోదరీలారా! సంఘంలో లేచి నాలుగు మాటలు చెప్పమంటే నాకు చేతకాదు. అది తెలిసి మన పాస్టరయ్యగారు, నోటితో చెప్పలేకపోతే రాసియ్యమ్మా, పత్రికలో వేద్దాం అన్నారు. అందుకని రాస్తున్నాను. దేవునికే మహిమ.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న పాళెం. నాయన వేటకు పోతాడు. అమ్మ పేరు కోటమ్మ, ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకొని పైఊళ్ళు తిరుగుతుంది. నా చిన్నప్పుడే అమ్మ ప్రభువును నమ్ముకొంది, నాయన నమ్ముకోలేదు గాని అడ్డం రాలేదు, నీ దేవుడు నీకు, నా సముద్రం నాకు అని నవ్వేవాడు. నన్ను మిషను బోర్డింగులో వేసి ఎనిమిదో తరగతి దాకా చదివించినారు. మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తానికి అచ్చు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఉత్తరమొస్తే నా దగ్గరికే, పంచాంగమైనా నా దగ్గరికే, మందుసీసా మీద ఏముందో చెప్పమని కూడా నా దగ్గరికే. నలుగురిలో నోరు తెరవలేని దాన్నే గాని, అచ్చులో ఉన్నదేదైనా అడిగితే మాత్రం ఠక్కున చెప్పేదాన్ని. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మాత్రం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అమ్మకైతే నా మాటే అచ్చు. మా పిల్ల చెప్పిందంటే అది పుస్తకంలో ఉన్నట్టే అని చేపలు కొనేవాళ్ళతో కూడా చెప్పేది. ఆ మాట వినిపించినప్పుడల్లా నేను తల వంచుకొని సంతోషపడేదాన్ని. నా చీకటి అక్కడ మొదలయింది. సిగ్గు, గర్వం రెండూ ఒకే గంపలో ఉంటాయని నాకప్పుడు తెలియదు.

అమ్మకు గర్భసంచిలో గడ్డ లేచి ఆపరేషను చేసినారు. ఆపరేషను బాగానే జరిగింది గాని పదో దినాన ఎడమకాలు తాటిమొద్దులా వాచిపోయింది, ముట్టుకోనిచ్చేది కాదు. డాక్టరమ్మగారు చూసి, కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, ఆ గడ్డ ఊడి పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే ప్రాణానికే ముప్పు, రక్తాన్ని పలచన చేసే మాత్ర దినమొకటి వేస్తాం, ఒక్క దినం కూడా తప్పకూడదు అని చెప్పినారు. వారానికి రెండుసార్లు, మంగళవారం శనివారం రక్తం తీసుకుపోయి అది గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేవాళ్ళు. దాన్నిబట్టి ఎంత మందు వేయాలో రాసేవాళ్ళు. మధ్యాన్నం పూట సుగుణమ్మ సిస్టరు పళ్ళెంలో మాత్రలు తెచ్చి మంచం మంచానికీ ఇచ్చి, మంచం కాళ్ళ దగ్గర వేలాడే అట్టమీద టిక్కు పెట్టి పోయేది.

"రక్తమంతా నీళ్ళయిపోతే ఇంక నాలో ఏం మిగుల్తుందే?" అని అమ్మ మొదటి దినమే భయపడింది.

పక్కమంచంలో మనుబోలు నుంచి వచ్చిన రంగమ్మవ్వ ఉండేది, వరిపొలాలున్న ఇంటామె, తుంటి విరిగి పడుకున్నా నోరు మాత్రం ఊరుకొనేది కాదు. "నీళ్ళకేం కొదవ, సముద్రం పక్కనేగదా కాపురం" అనింది. అమ్మ నవ్వి మాత్ర మింగింది.

ఆ ఆసుపత్రిలో రోగులకు అన్నం పెట్టేది ఇంటివాళ్ళే. వెనకాల రేకుల షెడ్డులో పొయ్యిలు ఉండేవి, మేమే గంజి కాచి తెచ్చుకొనేవాళ్ళం. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అనే సంగతి నర్సులకు తెలిసే దారి లేదు. ఇది ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

మూడు వారాలయినా కాలు తగ్గలేదు. అమ్మ మనసు విరిగింది. గంప మోసే మనిషి, పడుకొని ఇంకొకరి చేత నీళ్ళు తాగించుకోవడం ఆమెకు చావుకంటే కష్టం. పూర్వం దేవుని ప్రజలు ఆపదలో మూడు దినాలు అన్నపానాలు మాని దేవుని సాయం కోసం కనిపెట్టుకొన్నారని అంతకుముందు పండుగ కూడికల్లో విన్న ప్రసంగం ఆమెకు జ్ఞాపకం వచ్చింది. మంగళవారం సాయంత్రం, రేపటినుంచి మూడు దినాలు పచ్చినీళ్ళు కూడా ముట్టను, ఎవరికీ చెప్పబాక, చాటుగా చేస్తేనే దేవుడు చూస్తాడు అని నాతో అనింది. నాకు ఒళ్ళు పులకరించింది. మా అమ్మ భక్తి చూసి గర్వపడినాను, ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను కూడా.

బుధవారం మధ్యాన్నం సిస్టరు మాత్రలు తెచ్చే వేళయింది. అమ్మ కండ్లు తెరిచి మెల్లగా అడిగింది, మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందా అని. ఆ ప్రసంగం నేను కూడా విన్నాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను, అందులో మందు మాట ఎక్కడా లేదు. నాకు తెలియదు. నాకు తెలియదని నాకు తెలుసు. అయినా నోటికొచ్చింది చెప్పేసినాను.

"నోట్లోకి ఏదీ పోకూడదమ్మా. మాత్రయినా సరే."

రంగమ్మవ్వ చెవులు పాముచెవులు. "మా ఏకాదశికి కూడా మందు మింగితే దోషం లేదంటారే. మీ దేవుడు మాకంటే గట్టివాడే" అనింది. నాకు కోపమొచ్చి ఆమె వైపు వీపు పెట్టి కూర్చున్నాను. సహోదరులారా, దేవుడు ఆ ముసలామె నోటితో నన్ను హెచ్చరించినాడు, నేను వీపు పెట్టినాను!

సిస్టరు వచ్చేసరికి అమ్మ కండ్లు మూసుకొని పెదాలు కదిలిస్తుంది. సుగుణమ్మ సిస్టరు మంచి విశ్వాసి, ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించడం ఆమెకు మనసు రాలేదు. మాత్ర పొట్లాన్ని దిండు పక్కన పెట్టి, ప్రార్థన అయినాక మింగించమని నాకు సైగ చేసి, అట్టమీద టిక్కు పెట్టి ముందుకు పోయింది. వార్డంతటికీ ఆమె ఒక్కతే, పెద్ద సిస్టరు రౌండుకొచ్చే లోపల అట్టలన్నీ నిండాలి. గురువారమూ అంతే జరిగింది, శుక్రవారమూ అంతే. మాత్రలు పారెయ్యబాక, డాక్టరమ్మ కష్టపడి రాసిచ్చింది గదా అని అమ్మ చెప్తే, మూడింటినీ పొట్లాల్లోంచి తీసి డైరీలో పెట్టినాను. ఏ దినం రాత కింద ఆ దినం మాత్ర.

శుక్రవారం పొద్దు గుంకినాక గంజినీళ్ళతో ఉపవాసం ముగించింది. ఎండి పగిలిన పెదాలతో పాట పాడింది. చూడు, కాలు కొంచెం తేలికయింది అనింది. నేను నమ్మినాను.

శనివారం పొద్దున నేను పొయ్యి దగ్గర ఉంటే రంగమ్మవ్వ కేక వినబడింది. పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ మంచం పట్టె పట్టుకొని లేవబోతుంది, రొమ్ములో పక్కన కత్తితో పొడిచినట్టుంది అంటుంది, ఊపిరి అందడం లేదు, దగ్గితే పమిటకొంగు మీద నెత్తురు చార. మొఖం బూడిదరంగయింది. డాక్టరమ్మగారు వచ్చినారు, రొమ్ముకు గొట్టం పెట్టి విన్నారు, అప్పటికప్పుడు రక్తం తీయించి పంపినారు. గడ్డ కదిలి పైకి పోయిందని ఆమె మొఖం చూస్తేనే తెలిసిపోయింది. రక్తం చూసిన కాగితం వచ్చినాక ఆమె కాళ్ళ దగ్గరి అట్ట తీసి ఒక్కొక్క టిక్కునూ వేలితో చూసుకుంటూ పోయినారు, చూసి సిస్టరును తీసుకొని వరండాలోకి పోయినారు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"మాత్ర ఒక్కటి కూడా తప్పలేదు, అయినా రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. అంటే ఈమెకు ఈ మోతాదు చాలడం లేదు. ఇప్పుడు ఇంజక్షను మొదలుపెడదాం. మాత్ర ఇవాళ్టినుంచి రెట్టింపు చెయ్యి" అన్నారు డాక్టరమ్మగారు.

"ఆపరేషను చేసిన కడుపు గదమ్మా, లోపల నెత్తురు కారితే?" అని సిస్టరు అడిగింది.

"కారవచ్చు. కారితే ఆపడం కష్టం. వేరే దారి కనబడడం లేదు" అన్నారు.

అప్పుడు నాకు తెలిసింది, నేను నోరు మూసుకొని ఉంటే ఈసారి మా అమ్మ నా చేతిలోనే చచ్చిపోతుందని. చెప్తే సుగుణమ్మ సిస్టరు ఉద్యోగం పోతుందేమో, ఆమె నాకు చదువుకోమని పత్రికలు తెచ్చిచ్చిన మనిషి. చెప్తే అమ్మ చాటుగా చేసిన ఉపవాసం వార్డంతా నవ్వులపాలవుతుంది. అన్నిటికంటే ముందు, ఎందుకు మానేసింది అని అడుగుతారు. ఆ గోడకు తల ఆనించి చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నాకు మాట రాదు. నా నోరు తెరువు. నోరు తెరవకపోతే నా చేతినైనా కదిలించు. అమ్మను మాత్రం తీసుకోబాక."

నోరు తెరుచుకోలేదు గాని చేయి కదిలింది! డాక్టరమ్మగారు వరండా చివర మెట్లు దిగబోతుంటే పరుగెత్తి ఆమె తెల్లకోటు అంచు పట్టుకొని డైరీని ఆమె చేతిలోకి తోసినాను. ఆమె తెరవగానే మూడు మాత్రలు రాలి గచ్చుమీద దొర్లినాయి. ఆమె వంగి ఒకటి ఏరి వెలుతురులో పెట్టి చూసినారు. తరువాత డైరీని తిరిగి నా చేతికిచ్చి, "నువ్వే చదువు" అన్నారు.

నా జీవితంలో మొదటిసారి నా సొంత రాతను ఇద్దరు పెద్దవాళ్ళ ఎదుట గొంతెత్తి చదివినాను. ఆ వార్డు వాసనకు విసుగెత్తిందని రాసుకున్నది చదివినాను, బోర్డింగులో సగం చదివి వదిలిన కథ ఏమయిందో అని బెంగపడింది చదివినాను, అమ్మ నిద్రలో మూలిగితే విసుక్కున్నది కూడా చదివినాను. బుధవారం మింగలేదు, గురువారం మింగలేదు, శుక్రవారం మింగలేదు. అంత సిగ్గు విడిచి చదివిన దాన్ని, ఆ ఒక్క వరుస దగ్గరికి వచ్చేసరికి నా కన్ను దానంతట అదే కింది వరుసకు జారింది.

సుగుణమ్మ సిస్టరు మొఖంలో నెత్తురు లేదు. ఎవరూ అడగకముందే, "తప్పు నాది డాక్టరమ్మా. మింగడం చూడకుండా టిక్కు పెట్టినాను, మూడు దినాలూ" అనింది. డాక్టరమ్మగారు తిట్టలేదు. చేతిలోని మాత్రను కోటు జేబులో వేసుకొని, "నేను కూడా మనిషిని అడగలేదు, అట్టను అడిగినాను" అన్నారు. అని గబగబ లోపలికి పోయి అమ్మ పక్కన వంగి, ఎందుకు మానేసినావు కోటమ్మా అని అడిగినారు.

అమ్మకు ఊపిరి చాలడం లేదు. మాటకు మాటకు నడుమ ఆగి ఆగి చెప్పింది. "నేనే మానుకున్నా తల్లీ. దానికేం తెలవదు, చిన్నది."

నేను మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవలేదు. మా అమ్మ చావుబతుకుల్లో ఉండి కూడా నన్ను కొంగు కింద దాచుకుంది, నేను దాక్కున్నాను. ఇదే నేను ఇన్నాళ్ళు మోసిన గంప.

అయినా దేవుడు నా సగం నిజాన్నయినా వాడుకొన్నాడు, ఆయన కనికరం చూడండి! మాత్ర రెట్టింపు చేయడం మానేసినారు. ఇంజక్షను వెంటనే మొదలుపెట్టినారు, మాత్ర పాత మోతాదులోనే ఇచ్చినారు, రక్తం దినదినమూ చూసినారు. మందు ఓడిపోలేదమ్మా, మందు లోపలికి పోనేలేదు, రెట్టింపు వేసి ఉంటే ఈ కడుపులో నెత్తురు ఆగేది కాదు అని డాక్టరమ్మగారు నాతో నిదానంగా చెప్పినారు. ఉపవాసం ఉండొద్దని కూడా అనలేదు ఆమె. దేవుని ముందు ఉండు, నాకు ముందే చెప్పు, నీళ్ళు మందు మానకుండా ఎట్లా ఉండాలో నేను చెప్తా అని అమ్మతో అన్నారు. అయిదారు దినాలు అమ్మ ఊపిరి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఏడో దినం అమ్మ దగ్గకుండా పడుకొంది. పదో దినం రంగమ్మవ్వతో చేపలకూర మీద వాదించింది, చింతపండు ముందా, మామిడికాయ ముందా అని. ఆ వాదన వింటూ నేను షెడ్డు వెనక్కి పోయి తనివితీరా ఏడ్చినాను. దేవునికే మహిమ కలుగునుగాక!

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ అట్టలమీద టిక్కు పెట్టడానికి గడి ఉందేగాని, ఇవ్వలేదు, మింగలేదు అని రాయడానికి చోటే లేదు. డాక్టరమ్మగారు ఆ సోమవారమే కొత్త అట్టలు చేయించాలన్నారు. నీ రాత ముత్యాల్లా ఉంది గదా, నువ్వు గీయి అని స్కేలు నా చేతికే ఇచ్చినారు. వార్డులోని అట్టలన్నిటికీ నేనే గీతలు గీసి, "మింగలేదు, ఎందుకు" అని ఒక గడి పెట్టినాను. మింగడం కండ్లారా చూసినాకనే టిక్కు. దిండు దగ్గర పెట్టిపోవడం లేదు. మింగకపోతే కోప్పడకుండా కారణం అడిగి రాయాలి. అంతటితో ఆగలేదు, చదువురాని ఇంటివాళ్ళకు నన్నే పోయి చెప్పమన్నారు. మనిషి ఎదుటికి పోవాలంటే చెమటలు పట్టే నేను, మంచం మంచానికీ పోయి మీ మాత్ర మింగినారా, ఇవాళ ఏమైనా ఒక్కపొద్దు ఉన్నారా అని అడిగినాను! మొదటి దినం మూడు మంచాలకే నోరెండిపోయింది. నేను పోతుంటే రంగమ్మవ్వ, "దాచుకోండమ్మా, మాత్రల పోలీసొస్తుండాది" అని అందరికీ వినబడేట్టు అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. అట్లా అడిగినప్పుడు ఒకామె, పసుపుతాడుకు కట్టుకున్న చిన్న గుడ్డమూట విప్పి నాలుగు మాత్రలు నా చేతిలో పోసింది. చేదుగా ఉన్నాయని దాచిందంట. అడిగేదాకా ఎవరికీ తెలియదు.

నా నోరు తెరవమని అడిగితే దేవుడు ముందు చేతిని కదిలించినాడు, తరువాత కాళ్ళను కదిలించినాడు, నోరు చివరికి తెరిచినాడు. ఈ అయిదేండ్లలో ఆయన నాకు నేర్పిన పెద్ద మాట, నాకు తెలియదు అనే మాటే. మా వీధిలో ఎవరైనా మందుసీసా పట్టుకొస్తే అచ్చులో ఉన్నది చదువుతాను, మిగతాది డాక్టరును అడగండి అంటాను. మొదట్లో నాలుక తిరిగేది కాదు, ఇప్పుడు తిరుగుతుంది.

అమ్మ బాగుంది. ఎడమకాలు ఇంకా సాయంత్రానికి కొంచెం బరువెక్కుతుంది, గంప చిన్నదయింది, అంతే. ఈ కాగితాన్ని పత్రికకు పంపే ముందు అమ్మకు చదివి వినిపిస్తాను, ఈసారి ఏ వరుసా దాటను. ఆమె క్షమిస్తుందని తెలుసు, ఆ దినం మంచంలోనే క్షమించింది. అయినా ఆమె చెవికి నా నోటితో వినిపించాలి.

చదువుతున్న నా సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరైనా మందు మానేసి చెప్పకుండా ఉన్నారేమో, భయంతోనో భక్తితోనో సిగ్గుతోనో. ఎవరైనా అడిగితే తెలియనిది తెలిసినట్టు చెప్పి ఉన్నారేమో. ప్రభువు దగ్గరికి రండి, ఆయన తోసివేయడు. నా అంతటి పిరికిదాన్నే తోసివేయలేదు. ఆయనకు చెప్పుకొని, లేచి పోయి డాక్టరుకు కూడా చెప్పండి. ఆయన ఎదుట నిజం చెప్పుకొన్నవాళ్ళకు మనుషుల ఎదుట చెప్పే బలం ఆయనే ఇస్తాడు. ఒకేసారి ఇవ్వకపోయినా, కొంచెం కొంచెంగా ఇస్తాడు, నాకిచ్చినట్టు.

సుగుణమ్మ సిస్టరు ఉద్యోగం పోలేదు, దేవునికి స్తోత్రం. మేము ఇంటికి వచ్చిన తరువాత కొన్నాళ్ళకు ఆమె తమిళదేశం వైపు ఏదో ఆసుపత్రికి మారిపోయిందని తెలిసింది, మళ్ళీ చూడలేదు. మేము బయలుదేరిన దినం అమ్మను బస్సు దాకా చేయిపట్టి నడిపించుకొచ్చింది ఆమే. అమ్మను సీట్లో కూర్చోబెట్టి, దారిలో వేసుకోవాల్సిన మాత్రను అక్కడే నీళ్ళిచ్చి మింగించి, నోరు తెరవమని చూసి, అమ్మ నవ్వితే తానూ నవ్వింది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకొని అనింది:

"ఇంకమీదట ఎవురు ప్రార్థనలో ఉన్నా సరే, లేపి మింగిస్తానమ్మా. కోపమొస్తే నామీద దేవునికే చెప్పుకోమను, ఆయనకు నేను చెప్పుకుంటాలే."